ముందు ఏ కాలు పడింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ముట్టడిలో చిక్కుకున్న కోట నుంచి లేఖ పట్టుకుని వార్తాహరుడు రాత్రికి రాత్రి బయల్దేరడం, దారిలో గుర్రం కాలికి దెబ్బ తగలడం, అతని భయం, అన్నీ బాగా పట్టుకున్నావు. గుర్రం మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. ఎనిమిది చోట్ల 'టకటకమంటూ దూసుకుపోయింది' అని రాశావు. ఆ ఎనిమిదిసార్లలో ఒక్కసారైనా ఏ కాలు ముందు పడిందో ఆలోచించావా?

నడక నుంచే మొదలుపెడదాం. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. ఇదీ వరస. నాలుగూ విడివిడిగా పడతాయి కాబట్టి చెవికి త, క, ధి, మి అని నాలుగు దెబ్బలు సమానంగా వినిపిస్తాయి. ఎప్పుడు చూసినా రెండో మూడో కాళ్ళు నేల మీదే ఉంటాయి.

ఈ వరస పుస్తకంలో చదివితే నాకు బుర్రకెక్కలేదు. గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే మైదానం కంచె పక్కన మూడు రోజులు తెల్లవారుజామునే వెళ్ళి కూర్చున్నాను. నాలుగు కాళ్ళూ ఒకేసారి చూడబోయి మొదటిరోజంతా వృథా చేసుకున్నాను. రెండో రోజు అక్కడ గుర్రాలను చూసుకునే పెద్దాయన "అన్నీ చూడకండి బాబూ, ఎడమ వెనక కాలొక్కటే పట్టుకోండి" అన్నాడు. ఇక ఆ కాలి మీద నుంచి చూపు తిప్పలేదు. తడి మట్టిలోంచి ముందు డెక్క అలా లేచిందో లేదో, వెనక డెక్క వచ్చి ఆ గుర్తులోనే, ఒక్కోసారి దానికి బెత్తెడు ముందు పడుతోంది. ఒక కాలు చోటు ఖాళీ చేస్తే ఇంకో కాలు వచ్చి నిలబడుతోంది. అది కంటపడ్డాక మిగతా మూడు కాళ్ళూ వాటంతటవే అర్థమయ్యాయి. నువ్వూ అలాగే చూడు.

నడక కంటే కాస్త వేగమైన పరుగు ట్రాట్. అందులో కాళ్ళు ఐమూలగా జతకడతాయి. ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ కలిసి పడతాయి, రెప్పపాటు గుర్రం గాల్లో ఉంటుంది, తర్వాత రెండో జత పడుతుంది. రెండే దెబ్బలు. జీను మీద కూర్చున్నవాడు ఎగిరెగిరి పడతాడు. అందుకే అలవాటున్నవాడు రికాబుల మీద ఒక దెబ్బకి లేచి, ఒక దెబ్బకి కూర్చుంటాడు. నీ వార్తాహరుడు రాత్రంతా ప్రయాణం చేయాలంటే ఎక్కువ దూరం నడకలోనూ ట్రాట్‌లోనూ సాగాలి. పూర్తి దౌడులో ఎంత మంచి గుర్రమైనా కొద్ది కిలోమీటర్లకే డస్సిపోతుంది.

ఇప్పుడు పదకొండో పేజీకి వద్దాం. నీ కథకి ప్రాణం అక్కడుంది. గుర్రం కుడి ముందు కాలికి రాయి గుచ్చుకుంటే 'పాపం, కుంటుతోంది' అని ఒక్క మాటతో వదిలేశావు. ముందు కాలు నొప్పిగా ఉన్న గుర్రం ఏం చేస్తుందంటే, ఆ కాలు నేలకు తగిలే క్షణంలో బరువు పడకుండా తల పైకెత్తుతుంది. బాగున్న కాలు పడినప్పుడు తల కిందికి దిగుతుంది. నడకలో ఏ గుర్రమైనా తల ఊపుతూనే ఉంటుంది కాబట్టి తేడా సులువుగా తెలియదు. ట్రాట్‌లో ఆరోగ్యంగా ఉన్న గుర్రం తల దాదాపు నిలకడగా ఉంటుంది. పశువైద్యులు కుంటే గుర్రాన్ని ట్రాట్ చేయించి చూసేది అందుకే. ఆ చీకట్లో నీవాడికి గుర్రం కాలు కనిపించదు. కానీ ఎదురుగా ఆకాశం మీద రెండు చెవులు కనిపిస్తాయి. ఇంతసేపూ కదలని ఆ చెవులు దెబ్బ విడిచి దెబ్బకి పైకి లేవడం మొదలుపెడతాయి. డెక్కల చప్పుడులో ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా వినిపిస్తుంది. అతని గుండె జారిపోవడానికి అది చాలు. 'కుంటుతోంది' అన్న మాటే అక్కర్లేదు.

ట్రాట్ కంటే వేగమైన పరుగు కాంటర్. అది మూడు దెబ్బలది: తకిట. ఎడమ వెనక కాలు పడుతుంది, కుడి వెనక కాలూ ఎడమ ముందు కాలూ కలిసి పడతాయి, ఆఖరున కుడి ముందు కాలు. ఆ ఆఖరి కాలుని లీడ్ అంటారు. కుడికి మలుపు తిరగాలంటే మామూలుగా కుడి లీడ్ ఉండాలి, లేకపోతే గుర్రం తూకం తప్పి తడబడుతుంది. నీ కథలో కొండదారి మలుపులున్నాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకో.

వేగం ఇంకా పెరిగితే కాంటర్‌లో కలిసి పడిన ఆ జత విడిపోయి మళ్ళీ నాలుగు దెబ్బలవుతాయి. అదే గాలప్, మన దౌడు. 'ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ చాచి గాల్లో తేలింది' అని రాశావు. నా తొలి కథల్లో ఒకదానిలో నేనూ అచ్చం ఇలాగే రాశాను, ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది. గొప్ప చిత్రకారులే అలా వేశారు. ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ గుర్రప్పందెం మీద ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన బొమ్మలో గుర్రాలన్నీ అలాగే చాచుకుని ఉంటాయి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగుబాట పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, గుర్రం తగలగానే కెమెరా పనిచేసేలా తోవకి అడ్డంగా తీగలు కట్టి, పరిగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం నిజంగానే ఉందని తేలింది. కానీ అప్పుడు కాళ్ళు చాచుకుని లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. ముడుచుకోవడంలో ఎంత బలం దాగుందో చూడు, నీ వాక్యానికి అది కావాలి.

ఇంకొక్కటి. 'నోటితో రొప్పుతూ' అన్నావు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే. పైగా దౌడులో ఒక్కో అంగకి ఒక్కో ఊపిరి, కాళ్ళతో లయ కలిసి ఉంటుంది. ముక్కుపుటాలు చూపించు.

పేర్ల గురించి టెన్షన్ పడకు. అమరకోశం గుర్రం గతులు ఐదు చెప్పింది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. వినడానికి ఎంతో బాగుంటాయి, కానీ నీ కథలో వాడితే చదివేవాడు ఆగి నిఘంటువు వెతుక్కోవాలి. కాళ్ళు చూపించావంటే పేరు చెప్పకపోయినా తెలుస్తుంది.

పదకొండో పేజీ ముందు తిరగరాసి పంపు. అన్నట్టు, దెబ్బ తగిలింది కుడి ముందు కాలికి అన్నావు, పద్నాలుగో పేజీలో అతను కట్టు కట్టింది ఎడమ కాలికి. అదీ సరిచూసుకో.