గన్ లైసెన్స్: షాపులో ఆగేది తక్కువే, అసలు ఆలస్యమంతా అంతకు ముందే

మీరు అడిగినవి రెండు సంగతులు. నగల షాపు ఉంది, రాత్రిపూట సరుకుతో ఇంటికి వెళ్తున్నారు, డీలర్ దగ్గర నచ్చిన రివాల్వర్ చూసుకుని డబ్బు కట్టేస్తే ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఒకటి. కాలిఫోర్నియాలో ఉన్న మీ బావగారు అక్కడ డబ్బు కట్టాక కూడా పది రోజులు ఆగాలన్నారట, మన దగ్గరా అలాంటి రూలు ఉందా అన్నది రెండోది.

రెండోదే ముందు చెప్తాను. మీ బావగారు చెప్పింది నిజమే. అక్కడ సేఫ్టీ పరీక్ష పాసై, షాపులో కాగితాలు నింపాక పది రోజుల పాటు తుపాకీ డీలర్ దగ్గరే ఉంటుంది. (ఆయన ఇంకా హెచ్1బీ మీదే ఉంటే అసలు కొనడానికే లేదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు ఉంటే వేరే సంగతి.) మన దగ్గర డీలర్ కౌంటర్ దగ్గర ఇన్ని రోజులు ఆగాలన్న నిబంధన లేదు. లైసెన్స్ ఉండి, అందులో ఏ రకం ఆయుధం రాశారో అది స్టాకులో ఉంటే, కొనడం ఒక పూట పని. ఆ లైసెన్స్ చేతికి రావడానికి పట్టే కాలమే అసలు కథ.

మాది రైస్ మిల్లు, జిల్లా పేరు ఎందుకులెండి. మా నాన్నగారి పేరు మీద పన్నెండు బోర్ (బోర్ అంటే గొట్టం సైజు) డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఆయనకి డెబ్బై దాటాక దాన్ని నా పేరు మీదికి మార్పించుకున్నాం. 2016 ఆర్మ్స్ రూల్స్‌లో దీనికి వీలుంది: లైసెన్స్‌దారుకి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ పాతికేళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడికి ఇవ్వొచ్చు. ఆ తర్వాత మిల్లు పని మీద పాయింట్ 32 రివాల్వర్ కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాను. మొదటిది ఉంది కదా, రెండోది తేలిక అనుకోకండి, విచారణ మొత్తం మళ్లీ మొదటినుంచే.

దరఖాస్తు ఫారం ఎ-1. కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీస్ కమిషనర్‌కి, మామూలు జిల్లా అయితే కలెక్టర్‌కి. వయసు 21 నిండాలి. ఫొటోలు, చిరునామా రుజువు, ఐటీ రిటర్నులు, డాక్టర్ ఇచ్చే ఆరోగ్య, మానసిక స్థితి సర్టిఫికెట్, ఇంట్లో ఆయుధం ఎక్కడ ఎలా భద్రపరుస్తారో హామీ పత్రం, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇవన్నీ జత చెయ్యాలి. ఆ తర్వాత ఫైలు పోలీసులకి వెళ్తుంది. స్టేషన్ వాళ్లు మీ మీద కేసులున్నాయా, ఇరుగుపొరుగుతో గొడవలున్నాయా, ఇంట్లో తగాదాలున్నాయా అన్నీ చూస్తారు, స్పెషల్ బ్రాంచ్ వాళ్లు విడిగా వచ్చి అడుగుతారు. అక్కడినుంచి డీఎస్పీ, ఎస్పీ, మళ్లీ కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్.

కాగితం మీద గడువులు ఉన్నాయి. పోలీసు రిపోర్టు 30 రోజుల్లో రావాలి, అది అందాక 60 రోజుల్లోపు ఇస్తామో ఇవ్వమో తేల్చాలి. ఆర్మ్స్ చట్టం సెక్షన్ 13లో ఇంకో మాట కూడా ఉంది, గడువులోగా రిపోర్టు రాకపోతే దానికోసం ఎదురుచూడకుండానే అధికారి నిర్ణయం తీసుకోవచ్చు అని. తీసుకోవచ్చు అని ఉందే గానీ తీసుకోవాలి అని లేదు కదా, ఏ అధికారీ పోలీసు రిపోర్టు లేకుండా తుపాకీ ఫైలు మీద సంతకం పెట్టి తలనొప్పి తెచ్చుకోడు. నా ఫైలు ఆ 30 రోజుల మాట ఎప్పుడో మర్చిపోయింది. మధ్యలో ఎలక్షన్ కోడ్ వచ్చిందా, ఇక అందరూ ఆ పనిలోనే ఉంటారు, మన ఫైలు ముట్టుకునేవాళ్లు ఉండరు. కాబట్టి మూడు నెలల్లో వస్తుందని లెక్కలు వేసుకోకండి, ఏడాది దాటినా కంగారు పడకండి.

దరఖాస్తులో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది "ఎందుకు కావాలి" అన్న దగ్గర. అందరూ "ఆత్మరక్షణ కోసం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. నన్ను విచారణకి వచ్చిన ఎస్‌ఐ గారు సూటిగా అడిగారు, "ఇప్పుడు వడ్ల డబ్బంతా ఆర్‌టీజీఎస్‌లోనే కదా వెళ్తోంది, క్యాష్ ఎక్కడుంది మీ దగ్గర?" అని. హమాలీ కూలి, లారీ కిరాయి, తవుడు అమ్మకాలు, ఇవన్నీ నగదులోనే నడుస్తాయని బ్యాంకు విత్‌డ్రాయల్స్ చూపించి, మిల్లు ఊరికి దూరంగా ఉందని, అంతకుముందు జరిగిన దొంగతనం మీద ఇచ్చిన ఫిర్యాదు కాపీ పెట్టాక ఆయన రాసుకున్నారు. మీకు నగల షాపు కాబట్టి కారణం నాకన్నా బలంగానే ఉంది, కానీ దానికి కాగితం ఉండాలి: జీఎస్టీ, స్టాకు విలువ, బెదిరింపు ఏదైనా వచ్చి ఉంటే దాని మీద ఫిర్యాదు. చాలామందికి తెలియని సంగతి, ఆస్తి తగినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించడానికి వీల్లేదని సెక్షన్ 14లోనే ఉంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి, సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది, దాని గడువు దాటనివ్వకండి.

సరే, లైసెన్స్ వచ్చింది. దాని మీద యూఐఎన్ (లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే డీలర్ అమ్మడు. ఏ రకం ఆయుధం, ఎప్పటిలోగా కొనాలి, ఏ ప్రాంతంలో చెల్లుతుంది అన్నవి కూడా అందులోనే ఉంటాయి. షాపులో సినిమాల్లో చూసినవన్నీ ఉంటాయనుకోకండి. 9 ఎంఎం లాంటివి నిషేధిత బోర్, మనలాంటివాళ్లకి ఇవ్వరు. విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు జనానికి 1980ల నుంచే ఆగిపోయింది, అందుకే వెబ్లీ లాంటి పాత విదేశీ రివాల్వర్లు సెకండ్ హ్యాండ్‌లో కూడా లక్షల్లో పలుకుతాయి. చాలామంది చివరికి కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్ దగ్గరే ఆగుతారు. స్టాకు లేకపోతే బుక్ చేసి ఆగాలి, మీరు అడిగిన వెయిటింగ్ ఏదైనా ఉంటే అదే. కొన్నాక డీలర్ తన రిజిస్టర్‌లో, మీ లైసెన్స్‌లో నంబరు రాస్తాడు, మీరు ఆయుధం తీసుకెళ్లి లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులో చూపించి నమోదు చేయించుకోవాలి.

డీలర్‌తో పని లేకుండా ఇంకో లైసెన్స్‌దారు దగ్గర నేరుగా కొంటే మాత్రం చట్టంలోనే ఆగమని ఉంది. అమ్మేవాడు ముందుగా జిల్లా మెజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు దాటాకే చేతులు మారాలి. నాకైతే ఆ తలనొప్పి కన్నా డీలరే నయం.

కొన్నాక అయిపోతుందని కూడా కాదు. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యూవల్. ప్రతి ఎన్నికలకీ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, తెచ్చి డిపాజిట్ చెయ్యమని, రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. ఇక పెళ్లి బరాత్‌లో ఎవరైనా "అన్నా ఒక్కటి పేల్చు" అంటే నవ్వి ఊరుకోండి, దానికి ఇప్పుడు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకొకటి. "జమ్మూ లైసెన్స్ నెలలో ఇప్పిస్తాం" అని మధ్యవర్తులు తగులుతారు. 2012–2016 మధ్య అక్కడ ఇచ్చిన 2.78 లక్షలకు పైగా లైసెన్సుల వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. ఆ దారిలో డబ్బు పోవడం ఒక్కటే కాదు, మీరే కేసులో ఇరుక్కుంటారు.

మీ షాపు, ఇల్లు ఒకే కమిషనరేట్‌లో ఉన్నాయా, వేర్వేరు జిల్లాల్లోనా? అది చెబితే ఎక్కడ దరఖాస్తు పెట్టాలో, విచారణకి ఏ స్టేషన్ వాళ్లు వస్తారో రాస్తాను.