బస్ట్ హాఫ్ డాలర్లు: డై రకం తేల్చడం ఎలా

చిరంజీవి కౌశిక్‌కు ఆశీస్సులు.

క్యాప్డ్ బస్ట్ హాఫ్ డాలర్లు, అంటే టోపీ పెట్టుకున్న లిబర్టీ (స్వేచ్ఛాదేవత) తల ఉన్న అర డాలర్ నాణేలు, సేకరిద్దామనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. అమెరికా పాత వెండి నాణేల్లో డై (నాణెం మీద బొమ్మ దించే ఉక్కు అచ్చు) రకాలు నేర్చుకోవడానికి ఇంతకు మించిన వరస లేదు. 1807 నుంచి 1836 దాకా, అంచున అక్షరాలున్న వాటిలోనే 450కి పైగా డై జతలు తేలాయి. ఒక్క 1827లోనే సుమారు 50 ఉన్నాయి.

ఇన్ని రకాలు ఎందుకొచ్చాయో ముందు బుర్రకెక్కించుకో. అప్పట్లో ఫిలడెల్ఫియా టంకశాలలో లిబర్టీ తల, గద్ద బొమ్మ మాత్రమే తయారు అచ్చుతో డై మీదకి దిగేవి. నక్షత్రాలు, సంవత్సరం అంకెలు, చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం ఒక్కొక్కటిగా పంచ్ (ఒక్కో గుర్తు కొట్టే చిన్న ఉక్కు ముద్ర) పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. చేత్తో కొట్టినవి రెండు డైల మీద ఒకే చోట పడవు. కాబట్టి నువ్వు ముఖ్యంగా చూడాల్సింది ఆకారం కాదు, స్థానం. ఈ నాణేల రూపశిల్పి జాన్ రైక్ చెక్కిన తొలి డైల మీద పదమూడో నక్షత్రం మొనకి చిన్న గంటు ఉంటుంది. చూడ్డానికి ముచ్చటే గానీ, అది చాలా డైల మీద ఉంది కనుక రకం తేల్చడానికి పనికిరాదు. కాలు విరిగిన అక్షరమూ అంతే: పంచ్ విరిగితే ఆ పంచ్‌తో కొట్టిన డైలన్నిటి మీదా అదే లోపం కనిపిస్తుంది.

ఈ డై జతలకి ఓవర్టన్ తన పుస్తకంలో ఇచ్చిన సంఖ్యల్నే ఓవర్టన్ సంఖ్యలంటారు; అవి ప్రతి సంవత్సరానికీ 101తో మొదలవుతాయి. ఒక్కో సంఖ్య ఒక బొమ్మవైపు డై, ఒక బొరుసువైపు డై కలిసిన జత. చివర చిన్న ‘ఎ’ ఉంటే అదే జత, బాగా వాడి డై పగిలాకో అరిగాకో కొట్టిన నాణెం అని అర్థం.

పదింతలు చూపే లూప్ (చిన్న భూతద్దం) చాలు. ఒకే దీపం పక్కవాటుగా పెట్టి, నాణేన్ని అంచులతో పట్టుకుని తిప్పుతూ చూడు. ముందు సంవత్సరం అంకెలు చూడు. 1827 నాణెంలో 2 పాదం చదునుగా కాక వంపు తిరిగి ఉంటే అది 146 గానీ 147 గానీ అవుతుంది, మిగతావన్నీ ఒక్క చూపులో పక్కకి పోతాయి. 7 కింద 6 తొంగిచూస్తే 1827/6 రకాలకి వెళ్లు. తర్వాత మొదటి నక్షత్రం మొన అంచు పళ్లలో (అంచు లోపల చుట్టూ వరసగా ఉండే చిన్న ఉబ్బుల్లో) ఒకదానికి ఎదురుగా ఉందో, రెండింటి సందులోకి చూస్తోందో గమనించు. ఏడో నక్షత్రం టోపీకి ఎంత దూరమో, పదమూడోది జుట్టుకి ఎంత దగ్గరో కూడా చూడు.

అసలు పని బొరుసు మీదే. గద్ద పైనున్న రిబ్బన్ మీద ‘ప్లూరిబస్’లోని ఐ నిలువు గీత, దాని పైనున్న ‘స్టేట్స్’లోని మొదటి టీకి ఎక్కడ పడింది? ఎడమ అంచు కిందా, మధ్యనా, కుడి అంచు దాటిందా? ఈ ఒక్క కొలతే చాలా డైలని ఏరేస్తుంది. లూప్ కాస్త వాలినా ఐ పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, అందుకే నిట్టనిలువుగా పైనుంచి చూడు. ఆ తర్వాత కింద ‘50 సి’లో 5, 0 ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో, గద్ద రొమ్ము మీది డాలు అడ్డగీతలు రెక్కలోకి పొడుచుకొచ్చాయో లేదో చూసుకో. 1836లో 116వ జత బొరుసు మీద ముందు 00 కొట్టేసి, తర్వాత మొదటి సున్నా మీదే 5 కొట్టారు. 5 వంపుల మధ్య సున్నా గీత కనిపిస్తుంది.

పగుళ్లతో మొదలుపెట్టకు. డై పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది, గీరుడు లోతుగా ఉంటుంది. ఆ తేడా వేలితో కాదు, వెలుతురు తిప్పి తెలుసుకోవాలి. పైగా పగులు పెరుగుతూ పోతుంది. అదే డైతో తొలిరోజుల్లో కొట్టిన నాణెం మీద అసలుండదు. డైని మళ్లీ సానపెట్టినప్పుడు నక్షత్రాలు సన్నబడతాయి, వాటిని చూసి కొత్త డై అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. నక్షత్రం సన్నబడినా దాని స్థానం మారదు.

కొనేముందు తూకం తప్పదు. అసలు బరువు 13.48 గ్రాములు, వెండి 89.24 శాతం. అరిగినదైతే కాస్త తగ్గొచ్చు గానీ 12.5 గ్రాములు తూగితే వదిలెయ్. వీటి కాలంలోనే తెల్ల లోహంతో దొంగ నాణేలు బోలెడు చేశారు. అంచు మీద ‘ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్’ అని పూర్తిగా చదువు. అక్షరదోషం ఉన్నా, అక్షరాల బదులు నిలువు గాట్లున్నా అనుమానించు. గాట్ల అంచు అసలు నాణేలు 1836 చివర్లో ఆవిరి యంత్రంతో మొదలయ్యాయి, వాటి బొరుసు మీద ‘50 సెంట్స్’ అని ఉంటుంది.

అరుదుతనం ఆర్-1 నుంచి ఆర్-8 వరకు లెక్క. ఆర్-1 అంటే వెయ్యికి పైగా దొరికేవి, ఆర్-5 అంటే 31 నుంచి 80, ఆర్-7 అంటే 4 నుంచి 12. ఆర్-3 దాకా రకం పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే ఇవ్వకు. చాలామంది అమ్మకందార్లు సంవత్సరం చూసి ధర కడతారు తప్ప జత తేల్చరు. నువ్వు తేల్చగలిగితే మామూలు పళ్లెంలోనే ఆర్-5 దొరకొచ్చు.

ముందు 1829 నుంచి 1834 లోపు, వీఎఫ్ (వెరీ ఫైన్, ఓ మోస్తరుగా అరిగిన) స్థాయి నాణేలు నాలుగైదు కొను. వాటిలో నక్షత్రాలూ రిబ్బన్ అక్షరాలూ స్పష్టంగా ఉంటాయి, ధరా భారం కాదు. దయచేసి ఏ నాణేన్నీ తోమకు, పాలిష్ పెట్టకు. తోమిన వెండి మీది సన్నగీతలు మళ్లీ పోవు. మెత్తటి పీవీసీ కవర్లు పచ్చటి జిగురు వదులుతాయి, మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లు వాడు. జత సంఖ్యతో పాటు, దేన్ని బట్టి తేల్చావో కూడా కాగితం మీద రాసి అందులో పెట్టు. రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మళ్లీ మొదటి నుంచీ చూడాల్సొస్తుంది.

అనుమానం తీరనిదేదైనా ఉంటే ఫోటోలు పంపు. నాణేన్ని చదునుగా పెట్టి సరిగ్గా పైనుంచి తియ్యి. రిబ్బన్ దగ్గర ఇంకో ఫోటో విడిగా కావాలి.

నీ బాబాయి