బరంపురం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: 14 గంటల లెక్క ఎక్కడ తప్పుతుంది?

భువనేశ్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 12,900 కి.మీ., గంటకు 900 చొప్పున 14 గంటల్లో చేరిపోవాలి కదా, మరి టికెట్ మీద 28 గంటలు ఎందుకుంది అని మీలో ఒకరు అడిగారు. అమ్మాయి పురుటికి బయల్దేరేముందు నేనూ ఇదే భాగహారం చేసి మా ఆవిడకి ధైర్యం చెప్పాను.

ఆ 12,900 గ్లోబు మీద దారం లాగి పట్టి కొలిచిన దూరం. సైబీరియా, అలాస్కా మీదుగా పోతుంది. కానీ ఆ దారం వెంబడి వెళ్లే విమానం భువనేశ్వర్లో దొరకదు. మేం ముందు ఢిల్లీ వెళ్లాం, రెండుంపావు గంటలు, అదీ పడమటి వైపుకి. అక్కడి నుంచి దగ్గరి దారి 12,400 కి.మీ. దాకా ఉంటే, మా విమానం పసిఫిక్ మీదుగా ఇంకా రెండు మూడు వేలు ఎక్కువ తిరిగింది. పైన గాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. వెనక నుంచి తోసే గాలి ఉంటే చుట్టుదారే ముందు చేరుస్తుంది. గోపాల్‌పూర్ రోడ్డు మీద ఎదురుగాలికి సైకిల్ తొక్కినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎయిర్ ఇండియా 2016లో ఈ రూటుని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చుకున్నది ఇందుకే. సీటు ముందు తెరలో వేగం వెయ్యి దాటడం నేనే చూశాను.

తెల్లవారుజామున 4కి ఢిల్లీలో లేచిన విమానం 15న్నర గంటలు ఎగిరి, అదే రోజు పొద్దున్న 6కి దిగింది. చలికాలంలో వాళ్ల గడియారం మనకన్నా 13న్నర గంటలు వెనక, వేసవిలో 12న్నర. "రెండు గంటల్లో వచ్చేశారే మామయ్యగారూ" అని అల్లుడు నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు శనివారం పొద్దున్న ఎక్కితే ఆదివారం మధ్యాహ్నం అయింది.

రెండు విమానాల్లో ఎగిరేది కలిపితే 18 గంటల లోపే, మీ 28లో మిగతాది ఎక్కువగా మధ్యలో కాచుకుని కూర్చునే సమయమే. మేం నిజంగా దెబ్బతిన్నది ఆ మధ్యలోనే, ఢిల్లీలో. చవగ్గా వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొన్నాను, మధ్యలో మూడు గంటలే. జనవరి పొగమంచుకి మొదటి విమానం లేటు, రెండోది వెళ్లిపోయింది. మొదటి టికెట్‌తో మాకు సంబంధం లేదన్నారు రెండో విమానం వాళ్లు. మర్నాటికి కొత్త టికెట్లు, రాత్రంతా కుర్చీల్లో, మా ఆవిడ బీపీ, నా టెన్షన్. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే, సామాను కూడా సాధారణంగా చివరిదాకా వేస్తారు. కాబట్టి మీ 28 గంటల టికెట్ ఒకే పీఎన్ఆర్ అయితే మార్చకండి. దానికి బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కి.మీ. కారు ప్రయాణం, ఎయిర్‌పోర్టులో ముందు వెళ్లి కూర్చునే రెండు మూడు గంటలు కలుపుకోండి. పర్లాకిమిడి వైపు వాళ్లయితే విశాఖ నుంచి కూడా ధరలు చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, మన అప్పడాలు, ఆవకాయ పట్టుకెళ్తే అక్కడ దిగగానే తిండి సామాను ఉందని చెప్పేయండి. మేం చెప్పాం, పెట్టె తెరిచి చూసి పంపించేశారు.