చిలకపచ్చ గోడల మధ్య డ్రాయింగ్ క్లాసు

ప్రశ్న: గవర్నర్‌పేటలో మాకు డ్రాయింగ్ స్కూలుంది. హాలు 20×15 అడుగులు. గోడలకు చిలకపచ్చ ఆయిల్ పెయింట్, సీలింగుకు నీలం స్ట్రిప్ లైట్లు, ఆరు ట్యూబ్‌లైట్లు. ఇక్కడ వేసిన బొమ్మ ఇంటికెళ్లాక వేరే రంగులో కనిపిస్తోందని పిల్లలంటున్నారు. తక్కువ ఖర్చులో ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పిల్లలది భ్రమ కాదండీ. పగటిపూట కిటికీ దగ్గర తెల్ల డ్రాయింగ్ షీటును గోడకు జానెడు దూరంలో పట్టి చూడండి. గోడవైపు పచ్చఛాయ తేలుతుంది. ఆ పచ్చకు అలవాటుపడ్డ కంటికి తెల్లకాగితం కాస్త గులాబీగా తోస్తుంది. దాన్ని సరిచేయబోయి పిల్లలు రంగు మార్చేస్తారు.

పెయింటర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి. నీలం స్ట్రిప్‌లు పీకించేయండి, అవి ఫంక్షన్ హాలుకు బాగుంటాయి. బజార్లో అడగ్గానే ఇచ్చే ట్యూబ్ సాధారణంగా 6500 కెల్విన్ (వెలుగు ఛాయకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలానికి మొగ్గుతుంది), సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, వందకు లెక్క) 80. దాని కింద కొండపల్లి బొమ్మను పెట్టి వేయిస్తే తలపాగా ఎరుపు చప్పబడిపోతుంది. 4000–5000 కెల్విన్, సీఆర్‌ఐ 90కి పైన అని పెట్టె మీద ఉన్నవే, అన్నీ ఒకే రకం కొనండి. మీ హాలు సుమారు 28 చదరపు మీటర్లు. బల్ల మీద 500 లక్స్ (పడే వెలుగుకు కొలత) ఉండాలంటే 2000 ల్యూమెన్ల (ట్యూబ్ ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) ట్యూబ్‌లు 10 నుంచి 12 కావాలి. మీవి సగమే. పిల్లల వీపు వెనక ఒక్కటే బిగిస్తే నీడ కాగితం మీదే పడుతుంది, రెండు వరసలుగా పంచండి.

ఇక గోడ. ఆయిల్ పెయింట్ మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే పెయింట్) వేస్తే పట్టు దొరక్క పెచ్చులుగా లేచిపోతుంది. 120 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దించి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఆయిల్ ప్రైమర్ ఒక కోటు, మ్యాట్ (మెరుపులేని) ఎమల్షన్ రెండు కోట్లు. రంగు లేత బూడిద. షేడ్‌కార్డులో చాలా బూడిదలు నీలానికి మొగ్గుతాయి, కాబట్టి రెండడుగుల ముక్క వేయించి, పగలూ రాత్రీ చూసి ఖాయం చేయండి. సీలింగు తెలుపు, అదీ మ్యాటే.

ప్రశ్న: మా ఆర్ట్ క్లాసు గదిలో కొత్త లప్పం ఆరు నెలలకే కింద రెండడుగుల మేర ఉబ్బి రాలుతోంది. అక్కడిదాకా టైల్స్ అంటించేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరిపోదు. చెమ్మ టైల్స్ వెనక దాక్కుని మూడో అడుగులో పైకి తేలుతుంది. బయట నేల గది ఫ్లోరింగు కంటే ఎత్తుగా ఉందా, గోడ పక్కన కాలువో బాత్రూం పైపో కారుతోందా చూసి అది ముందు ఆపండి. తర్వాత చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరు ఊడగొట్టించి, ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు ప్లాస్టరే చేయించండి, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వద్దు. అప్పటిదాకా కాన్వాసులు ఆ గోడకు ఆనించకండి, బూజు పడతాయి.