గడియారం అమ్మే ముందు తలుపు తెరిచి చూడు

చి.ల.సౌ. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

బ్రాడీపేటలో మీ అత్తగారింటి హాల్లో ఉన్న నిలువు గడియారాన్ని ఎవరో 40 వేలకు అడిగారని రాశావు. అన్నదమ్ముల వాటాలు తేలాలంటే దాని ఖరీదు తెలియాలన్నావు. ఎదురుగా తీసిన ఒక్క ఫోటోతో ధర చెప్పలేనమ్మా. లోపల చూడాలి.

దానికంటే ముందు ఒక మాట: ఎవరెన్ని చెప్పినా పాలిష్ పెట్టించకు. గవర్నరుపేటలో షాపు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన ఇలాంటి గడియారమే తెచ్చారు. ఇత్తడి డయల్ నల్లబడిందని తళతళలాడేలా తోమేశాను. అంకెలున్న వలయం మీది వెండి పూత కాస్తా గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఆయన సంతోషంగానే పట్టుకెళ్లారు. నేను చేసిందేమిటో నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. నల్లటి మరకతో ఉన్న ఆ గుడ్డ ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఇప్పుడు కింది తలుపు తెరువు. పెండ్యులం మీటరు పొడవు ఉండి, సెకనుకి ఒక టిక్ చొప్పున నిమిషానికి 60 పడుతుంటే అది పాత ఇంగ్లీషు పద్ధతి. డయల్‌లో కీ ఇచ్చే రంధ్రాలు రెండుంటే సాధారణంగా ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే మిషన్. మూడు ఉండి పావుగంటకోసారి రాగం వాయిస్తుంటే ఎక్కువగా ఆ తర్వాతి కాలానిది. ఇత్తడి డయల్స్ పాతవి. రంగు వేసిన ఇనుప డయల్స్ 1770ల నుంచి వచ్చాయి.

డయల్ మీద పేరు చూసి మురిసిపోకు, అది అమ్మిన షాపువాళ్లది కావచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారానికి కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరే చెబుతారు, భాగాలు మాత్రం ఇంగ్లండువి.

అసలు ధర తేలేది మిషన్, పెట్టె పుట్టినప్పటి నుంచీ ఒకటిగా ఉన్నాయా లేదా అన్న దగ్గర. మిషన్ కూర్చున్న అడ్డపలకని టార్చి వేసి చూడు. దాని కింద కొత్త చెక్కముక్కలు పెట్టి ఎత్తు సరిచేసినా, పక్కన వాడని పాత రంధ్రాలు కనిపించినా, డయల్‌కీ చట్రానికీ మధ్య సందున్నా, రెండు గడియారాల్ని కలిపి ఒకటి చేశారని అనుమానించాలి. అప్పుడు ధర బాగా పడిపోతుంది. అడుగున కాళ్లూ చూడు. ఏళ్ల తరబడి గచ్చు కడిగిన నీళ్లకి నానిపోయి ఎవరో మార్చే ఉంటారు. అదంత పెద్ద లోపం కాదు. పాత రసీదు గానీ, మీ మామగారి పెళ్లి ఫోటోలో వెనకాల ఈ గడియారం గానీ కనిపిస్తే జాగ్రత్తగా దాచు. ఎన్నేళ్లుగా ఇంట్లో ఉందో దాంతో రుజువవుతుంది.

నెట్‌లో అమ్మేవాళ్లు అడిగే రేట్లు చూడకు, వేలంలో నిజంగా పలికిన ధరలు చూడు. ఇంగ్లండులో ఈ గడియారాల ధరలు 2000 తర్వాత బాగా తగ్గాయి, కాబట్టి లక్షల మీద ఆశ పెట్టుకోవద్దు. కొని మళ్లీ అమ్ముకునేవాడు తన లాభం మినహాయించుకునే అడుగుతాడు. అందుకని కొనే ఉద్దేశం లేనివాడి చేత, ఫీజు ఇచ్చైనా సరే, విలువ కట్టించి కాగితం మీద రాయించుకోండి. వాటాలకి అదే పనికొస్తుంది.

మీ మరిది అమెరికా తీసుకెళ్తానంటున్నాడన్నావు. 1972 చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన పురావస్తువుని సొంతంగా దేశం దాటించకూడదు. వయసు తేలేదాకా అతన్ని షిప్పింగ్ బుక్ చేయొద్దని చెప్పు.

గడియారాన్ని పక్కకి జరపాలన్నా ముందు పెండ్యులమూ, లోపల వేలాడే బరువులూ తీసేయాలి. బరువు ఒక్కొక్కటి ఐదారు కిలోలు ఉంటుంది, నువ్వొక్కదానివే ఎత్తకు. అడ్డపలక, డయల్ వెనక భాగం, అడుగు ఫోటోలు తీసి పంపు. మీ వాళ్లు వీలు చెబితే వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి నేనే టార్చి, స్క్రూడ్రైవర్లు పట్టుకుని వస్తాను.

మీ బాబాయి
విజయవాడ