ఆశ్రమంలో పనికి వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

రాజోలు దగ్గర వృద్ధాశ్రమంలో పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగానే ఉంది గానీ, చేరేది జులైలో అనేసరికి టెన్షన్ పట్టుకుంది. గోదారికి ఎర్రనీళ్లొచ్చే రోజులు, విరేచనాల కేసులు ఎక్కువయ్యేది అప్పుడే. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చిటికెడు కాదు. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు.

నా భయం వేరే. రిటైరయ్యాక నేను కొన్నాళ్లు చేసిన హోంలో మంచాన పడ్డ తాతగారొకాయనకి కొంచెం కొంచెంగా నీళ్లలా అయిపోయి రోజంతా పంచె తడుస్తూనే ఉండేది. విరేచనాలేగా అని నైట్ డ్యూటీ వాళ్లు ఆపే మాత్ర వేశారు. ఆగలేదని మర్నాడు మళ్లీ వేశారు. పొట్ట ఉబ్బింది, అన్నం వద్దన్నాడు. డాక్టరుగారొచ్చి గ్లౌజు తొడుక్కుని చూస్తే లోపల మలం రాయిలా అడ్డుపడి ఉంది, దాని పక్కనుంచి నీళ్లు కారుతున్నాయంతే. అసలు జబ్బు మలబద్ధకం! ఆయన చివరిసారి సరిగ్గా ఎప్పుడు వెళ్లాడని అడిగితే అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అందుకే మంచానికో పుస్తకం పెట్టు: ఎప్పుడు వెళ్లారు, ఎంత, గట్టిగానా నీళ్లగానా, రక్తం పడిందా. డాక్టరు చెప్పకుండా ఆపే మాత్ర ఎవరికీ వేయకు, జ్వరమో రక్తమో ఉంటే అసలు ముట్టుకోకు.

మన కోనసీమలో ఎవరికేమొచ్చినా ముందు బొండాం కొట్టేస్తాం కదా. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఓఆర్‌ఎస్‌కి బదులు కాదు, కిడ్నీ జబ్బున్నవాళ్లకైతే ప్రమాదం కూడా. బీపీ మాత్రలు, నీరు దిగే మాత్రలు వాడేవాళ్లకి విరేచనాలైతే అవి ఆపాలా వద్దా అని ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఒంట్లో నీరు తగ్గిందేమోనని చర్మం లాగి చూడటం పెద్దవాళ్లలో నమ్మలేం, వయసుకి ఎలాగూ వదులైపోతుంది. నాలుక ఎండిందా, ఒంటికి వెళ్లడం తగ్గిందా, నిన్న నిన్ను పేరుపెట్టి పిలిచిన మామ్మగారు ఇవాళ ఎవరో అన్నట్టు చూస్తోందా, అవి చూడు.

విరేచనాలైనవాళ్లని వేరే గదిలో ఉంచు, పూర్తిగా ఆగాక ఇంకో 48 గంటల దాకా. శానిటైజర్ రుద్దుకుని సరిపెట్టకు, కొన్ని క్రిములు దానికి చావవు, సబ్బూ నీళ్లే.

పక్క పాడుచేసుకున్నారని మొహం చిట్లించావో, సిగ్గుతో నీళ్లు తాగడమే మానేస్తారు పిచ్చివాళ్లు. గోళ్లు కత్తిరించుకుని వెళ్లు. ఆ పొడుగు గోళ్లకి రంగేసుకుని డ్యూటీ ఎక్కావని తెలిసిందంటే బస్సెక్కి నేనే వస్తాను.

మీ పెద్దమ్మ