పాత కమారో వెనక చక్రాలు ఎగురుతున్నాయా? ట్రాక్షన్ బార్లు కొనే ముందు ఇవి చూడండి

1967 షెవ్రొలే కమారో, 327 క్యూబిక్ అంగుళాల ఇంజన్, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం ధడధడమని ఎగురుతోంది, ట్రాక్షన్ బార్లు (వెనక యాక్సిల్ మెలి తిరగకుండా ఆపే ఇనప కడ్డీలు) వేస్తే పోతుందా అని కదా మీ ప్రశ్న. పోవచ్చు. కానీ నాదీ అదే ఏడు కారు. ముందు బార్లే కొని చేతులు కాల్చుకున్నాను కాబట్టి కాస్త ఆగమంటాను.

వెనక ఉన్నవి మన లారీల కింద కనిపించే కమాను పట్టీల్లాంటివే. కాకపోతే అక్కడ కట్ట ఉంటుంది, ఈ కారుకి ఒక్కో వైపు ఒక్కటే పట్టీ. తొక్కగానే టైర్లు ముందుకి తిరుగుతాయి, యాక్సిల్‌ని కప్పి ఉండే హౌసింగేమో వెనక్కి తిరగబోతుంది, డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి కలిసే పినియన్ మూతి పైకి లేస్తుంది. ఆ మెలికకి పట్టీ పాములా వంకర పోతుంది. టైరు పట్టు జారిన క్షణంలో టప్పున నిటారవుతుంది. టైరు మళ్ళీ పట్టుకుంటుంది, పట్టీ మళ్ళీ వంగుతుంది. మీకు వినబడే ధడధడ అదే. 1967లో షాక్ అబ్జార్బర్లు రెండూ యాక్సిల్‌కి ముందు వైపే ఉండేవి. 1968లో షెవ్రొలే వాళ్ళు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి మార్చారు, బలమైన ఇంజన్లకి ఎక్కువ పట్టీలున్న స్ప్రింగులు ఇచ్చారు. అంటే జబ్బు వాళ్ళకీ తెలుసు.

ఇక నా ఘనకార్యం. అన్ని కార్లకీ పనికొస్తాయని అమ్మే చవక బార్లు బిగించాను. బారు ముందు చివర ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. హౌసింగ్ తిరగబోతే ఆ దిమ్మ పైకి తగిలి ఆపాలి. అది సరిగ్గా పట్టీ ముందు చివర, బోల్టు ఎక్కే చుట్ట కిందే తగలాలి. నా బారు రెండంగుళాలు పొట్టి. దిమ్మ చుట్టకి కాకుండా ఉత్త పట్టీకి తగులుతోంది. నేను చూసుకోలేదు. ఎగరడం తగ్గింది కదా అని వేసవంతా తిప్పాను. "కారు ఒక పక్కకి ఒరిగినట్టుందేంటి?" అని మా ఆవిడ అడిగితే షెడ్డు నేలే వాలుగా ఉందన్నాను! చివరికి జాకీ ఎత్తి చూస్తే కుడి పట్టీ మీద నల్లటి రబ్బరు మచ్చ, సరిగ్గా అక్కడే వంపు.

టైర్ల సంగతీ అంతే. ట్రెడ్ (రోడ్డుకి ఆనే గాడుల భాగం) కొత్తదానిలా నిగనిగలాడుతోందని మురిసిపోయాను. పక్క గోడ మీద DOT అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూస్తే 2309, అంటే 2009లో 23వ వారం సరుకు. గట్టిపడ్డ రబ్బరుకి ఏ బారు వేసినా పట్టు రాదు.

కాబట్టి ముందు టైరు తేదీ, తర్వాత యాక్సిల్‌ని పట్టీకి కట్టే యూ-బోల్టుల బిగువు, పట్టీ చివర్ల చుట్టల్లో ఉండే బుష్‌లు చూడండి. రబ్బరు బుష్‌లు వేస్తే ఆ బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత నాలుగైదు పట్టీల స్ప్రింగులు, మంచి షాకులు. వీధుల్లో తిప్పడానికి చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. నేను ఆగలేక కాల్‌ట్రాక్స్ అనే మరో రకం ట్రాక్షన్ బార్లు కూడా వేశాను. అందులో బారు ముందున్న ఒక తిరుగుడు ముక్కని తోస్తుంది, ఆ ముక్క పట్టీని పైనుంచి నొక్కిపట్టి వంగనివ్వదు. పని బాగుంది. బిగువు ఎక్కువ పెడితే మాత్రం ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది.

ఒక్కసారి ఖాళీ చోట గట్టిగా తొక్కి, దిగి రోడ్డు మీద గీతలు చూడండి. తెగితెగి మచ్చలుగా ఉంటే పైన చెప్పిందే. కుడి చక్రం గీత ఒక్కటే నిండుగా ఉంటే కథ వేరు: డ్రైవ్‌షాఫ్ట్ మెలికకి కుడి చక్రం తేలికవుతుంది, మామూలు డిఫరెన్షియల్ బలమంతా అటే వదిలేస్తుంది. అప్పుడు డబ్బు పెట్టాల్సింది పాజీట్రాక్షన్ మీద, అంటే రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ మీద.

బార్లే కొంటానంటే, యాక్సిల్ మధ్య నుంచి ముందు చుట్ట బోల్టు దాకా టేపు పెట్టి కొలుచుకుని ఆ కొలతతో కొట్టుకి వెళ్ళండి.